పేరయ్య అప్పగింతలు

మా ఆఫీసులో ఆయన అసలు పేరు జీతాల సెక్షన్ వాళ్లకి తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. అందరికీ ఆయన పేరయ్యే. పెళ్లిళ్ల పేరయ్య. మాది సర్కారు పరిశోధనశాల. లోపల శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కూర్చుని ఏదో ఒకటి కనిపెడతారు. కనిపెట్టినదాన్ని బయట ఫ్యాక్టరీలకో కాలేజీలకో నేర్పి అప్పజెప్పడానికి ఒక చిన్న విభాగం ఉండేది. అందులో ఉన్నది ఇద్దరమే. ఆయన అధికారి, నేను టైపిస్టుని. "ఆ జిగురుకి ఇంకా సంబంధం కుదరలేదా పేరయ్యా? ముదిరిపోతోంది" అని శాస్త్రవేత్తలు వరండాలో ఆయన్ని ఆటపట్టించేవాళ్లు. ఒప్పందం మీద సంతకాలయ్యే రోజుని అప్పగింతలు అనేవాళ్లు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నాకు మాత్రం ఒళ్లు మండేది. అలా నవ్వేవాళ్లలో ఒక్కరికి కూడా తమ వస్తువు ఎవరి చేతికి వెళ్లిందో, వెళ్లాక వాళ్లు దాంతో ఏం అవస్థ పడుతున్నారో తెలిసేది కాదు.

ఆయన కెమిస్ట్రీ చదువుకున్నాడు. శాస్త్రవేత్త కావాలని వచ్చి, ఆ పరీక్ష గట్టెక్కక, శాస్త్రవేత్తల గుమ్మంలో కూర్చునే ఉద్యోగంలో చేరాడు. ఆ బాధ లోపల ఉండేదేమో గానీ పైకి అనేవాడు కాదు. మా గదికి ఉన్న ఒకే ఒక్క కిటికీ జనరేటరు వైపుకి తెరుచుకునేది. కరెంటు పోయినప్పుడల్లా ఆయన ఫోన్లో అరిచి మాట్లాడాల్సి వచ్చేది. అలవాటైపోయి కరెంటు ఉన్నప్పుడు కూడా అరిచేవాడు. ఇంట్లోనూ అంతేనట. ఆయన భార్య బడిలో టీచరు. ఒకసారి ఆఫీసుకొచ్చి నాతో అంది: "లోకంలో వస్తువులన్నిటికీ సంబంధాలు చూస్తారమ్మా. మా వంటింటి కుళాయికి ఒక వాషరు మాత్రం కుదర్చలేరు." ఆయన అప్పుడు కూడా నవ్వి ఊరుకున్నాడు.

మా రూలు ప్రకారం శిక్షణ ఇచ్చి, పద్ధతి రాసిన కాగితాలు చేతిలో పెట్టేస్తే మా బాధ్యత తీరినట్టే. ఆయనకి ముందున్న అధికారులందరూ అక్కడితో చేతులు దులుపుకున్నవాళ్లే. ఈయన అలా కాదు. అప్పగింతలయ్యాక కూడా ఫోన్లు చేసి "ఎలా వస్తోందండీ? ఇబ్బందేం లేదు కదా?" అని కనుక్కునేవాడు. పిల్లని అత్తారింటికి పంపిన తండ్రికి కూడా అంత బెంగ ఉండదు. నిజానికి ఆ బెంగే లేకపోతే నేనిప్పుడు చెప్పబోయే ఫ్యాక్టరీకి ఆయన వెళ్లేవాడూ కాదు, అక్కడివాళ్ల గురించి ఆ మాట రాసేవాడూ కాదు.

వరండా చివరి గదిలో ఒక మేడమ్ ఉండేది. మట్టి, పింగాణీ ఆవిడ పని. మంచినీళ్ల ఫిల్టర్లో తెల్లటి క్యాండిల్ ఉంటుంది చూడండి, నీళ్లు దాని గోడల్లోంచి ఊరి కిందకి దిగుతాయి. దాన్ని మామూలు మట్టితో, రంపపు పొట్టుతో చేసే పద్ధతి ఆవిడ కనిపెట్టింది. మట్టి, పొట్టు, నీళ్లు కలిపి జావలా చేసి, అచ్చుల్లో పోసి, ఆరబెట్టి కాలుస్తారు. కాలేటప్పుడు పొట్టు మాడి మసైపోయి, దాని చోట కంటికి కనపడని రంధ్రాలు మిగులుతాయి. చవగ్గా తయారవుతుంది, బళ్లన్నిటిలో పెట్టొచ్చు. ఆవిడది మాట తక్కువ, పని ఎక్కువ. ఎవరూ వంక పెట్టడానికి లేని మనిషి.

పేరయ్య దానికి రెండు సంబంధాలు కుదిర్చాడు. ఒకటి పాలిటెక్నిక్ కాలేజీ, ప్రాక్టికల్ క్లాసుల్లో పిల్లలకి నేర్పడానికి. రెండోది పెంకుల ఫ్యాక్టరీ, తయారుచేసి బళ్లకి అమ్మడానికి.

ఆ ఫ్యాక్టరీని ఒక అమ్మాయి నడిపేది. తండ్రి పోయాక ఆమె నెత్తిన పడింది. ఇళ్లన్నీ స్లాబులైపోయి పెంకుల్ని అడిగే నాథుడు లేడు. బట్టీ చల్లారిపోకుండా ఉండాలంటే కొత్తదేదో చెయ్యాలి. ఆ బట్టీ దగ్గర ఆమె మేనమామ ఉండేవాడు. తండ్రి హయాం నుంచీ కాల్పు పని ఆయనదే. ఫ్యాక్టరీలో అందరూ, ఆయనకన్నా పెద్దవాళ్లు కూడా, ఆయన్ని మామయ్యా అనే పిలిచేవాళ్లు. బట్టీ గోడలో ఒక ఇటుక వదులుగా ఉండేది. మామయ్య దాన్ని పటకారుతో లాగి, కన్నంలోంచి లోపలి మంట రంగు చూసి, ఇంకా కట్టె వెయ్యాలో, ఇక మూసెయ్యాలో చెప్పేవాడు. ఆయనుండగా ఇంకెవరూ ఆ ఇటుక ముట్టుకునేవాళ్లు కాదు. ఒప్పందం రోజున ఆయన కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని మా ఆఫీసుకొచ్చాడు. మేడమ్ కరెంటు ఫర్నేస్ చుట్టూ తిరిగి చూసి, "దీనికి కన్నమే లేదేంటమ్మా? లోపల ఏమవుతోందో ఎలా తెలుస్తుంది?" అని అడిగాడు. ఆవిడ మీటరు మీద అంకెలు చూపించింది. ఆయన మర్యాదగా తలూపాడు.

శిక్షణ మా దగ్గరే జరిగింది. మేడమ్ అన్నీ దగ్గరుండి చూపించింది, వాళ్లు శ్రద్ధగా నేర్చుకున్నారు. తీరా ఫ్యాక్టరీకెళ్లి కాల్చిన మొదటి వాయి పగిలింది. వెంట్రుకంత సన్నటి పగుళ్లు. చూస్తే కనపడవు, గోటితో తడితే ఖంగుమనాల్సిన క్యాండిల్ మొద్దుగా పలుకుతుంది. రెండో వాయీ అంతే. ఆ తర్వాతదీ అంతే. పేరయ్య ఫోన్ మీద ఫోన్. "నీళ్ల కొలత చూశావామ్మా? పొట్టు జల్లెడ పట్టించావా? ఆరబెట్టింది సరిగ్గా ఆరిందా?" అవతల నుంచి ఆ అమ్మాయి అన్నిటికీ చూశాం సార్, చేశాం సార్ అంటూనే ఉంది. కాగితంలో ఉన్నది పొల్లుపోకుండా చేస్తున్నారు. క్యాండిళ్లు పొల్లుపోకుండా పగులుతున్నాయి.

పుండు మీద కారం చల్లినట్టు, పాలిటెక్నిక్ పిల్లలు చేసినవి బ్రహ్మాండంగా వచ్చాయి. వాళ్ల లెక్చరర్ ఒకదాన్ని రంగు కాగితంలో చుట్టి మా డైరెక్టరుకి పంపాడు. డైరెక్టరు దాన్ని బల్ల మీద పెట్టుకుని పేరయ్యని పిలిచాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వాళ్ల వరస. చదువుకునే పిల్లలకి వచ్చింది ఫ్యాక్టరీ వాళ్లకి రాదా? ఓసారి వెళ్లి చూసి, ఎక్కడ తప్పు చేస్తున్నారో రాసి పడేయండి" అన్నాడు.

పేరయ్యా, మేడమూ వెళ్లారు. మట్టి చూశారు, పొట్టు చూశారు, అచ్చులు చూశారు. అన్నీ మా దగ్గర ఉన్నట్టే ఉన్నాయి. తేడా ఒక్కచోటే కనపడింది. మా దగ్గర ఫర్నేస్‌కి మీటరుంది, పాలిటెక్నిక్‌లోనూ ఉంది. ఫ్యాక్టరీలో ఉన్నది మామయ్య కన్ను. ఇంకేం కావాలి? తిరిగొచ్చాక నివేదిక పేరయ్యే రాశాడు, మేడమ్ సంతకం పెట్టింది. "మంటను పరికరంతో కాక కంటి అంచనాతో నిర్ణయించడమే పగుళ్లకు కారణం." అందులో ఆయనకి ఏ దురుద్దేశమూ లేదు. కారణం తెలిస్తే దిద్దుకుంటారు కదా, ఆ అమ్మాయికి మేలే చేస్తున్నాను కదా అనుకున్నాడు. నేను టైపు చేస్తూ, "ఆ పెద్దాయన ఇది చదివితే ఏమనుకుంటాడో" అన్నాను.

"ఆయన చదవరులెండి" అన్నాడు పేరయ్య.

నిజమే, చదవలేదు. పక్కన కూర్చుని చదివించుకున్నాడు.

ఈ సంగతి కొన్నాళ్లకి ఆ అమ్మాయి మా గదికొచ్చినప్పుడు తెలిసింది. వచ్చేటప్పుడు పోట్లాడదామనే వచ్చినట్టుంది, కూర్చున్నాక ఆ ఓపిక లేకపోయింది. పేరయ్య మంచినీళ్లిస్తే గ్లాసు చేత్తో పట్టుకుని తాగకుండా చెప్పింది.

"నేను చదవనన్నాను సార్. వదల్లేదు. నా గురించే రాశారంట, నాకు తెలియొద్దా అన్నాడు. విన్నాక బట్టీ దగ్గరికెళ్లి ఇటుక తీసి చూశాడు, పెట్టాడు. మళ్లీ తీశాడు. ఇదివరకు ఒక్కసారి చూసి చెప్పేవాడు సార్. ఇప్పుడు చూసిందే చూస్తాడు. నన్ను పిలిచి, ఇది నీకు ఏ రంగులో కనిపిస్తోందే అమ్మాయ్ అంటాడు. నాకేం తెలుసు? ఆయన చెప్తే వినడమే గానీ నేనెప్పుడైనా చూశానా?"

"మీటరు పెట్టిద్దామన్నాం కదమ్మా" అన్నాడు పేరయ్య.

"పెట్టిద్దామనే అనుకున్నాం. ఈలోపు పాత పెంకుల ఆర్డరొకటి ఉంటే కాల్చాం. ఆయన చిన్నప్పటి నుంచీ కాల్చే పెంకులే సార్. మంట చాలదేమో, చాలదేమో అని కట్టె వేస్తూనే ఉన్నాడు. తెరిచి చూస్తే వాయంతా వంగిపోయింది. పెంకులు ఒకదానికొకటి అతుక్కుపోయి బండల్లా ఉన్నాయి. గునపంతో పగలగొట్టి తియ్యాల్సొచ్చింది. మమ్మల్నెవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు, ఆయనే పగలగొట్టుకున్నాడు. అయ్యాక పటకారు తెచ్చి నా చేతిలో పెట్టి, మీ సార్లు రాసింది నిజమేనే, నా కన్ను పోయింది అని చెప్పి వెళ్లిపోయాడు. నాలుగుసార్లు ఇంటికెళ్లి బతిమాలాను. రాడు."

పేరయ్య గొంతు తగ్గించి మాట్లాడటం నేను అప్పుడే మొదటిసారి విన్నాను. "నేను ఆయన్ని ఏమీ అనలేదమ్మా. ఆ పద్ధతి గురించి రాశానంతే" అన్నాడు.

"మా దగ్గర పద్ధతంటే మామయ్యే సార్" అంది ఆ అమ్మాయి.

ఆమె వెళ్లాక ఆయన చాలాసేపు ఫైలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. నాకు జాలీ, కోపమూ రెండూ వచ్చాయి. రాసే ముందు ఇంత ఆలోచిస్తే ఏం పోయేది అనుకున్నాను. కానీ ఆయన ఆలోచించాడు కూడా. కళ్లకి కనపడిన తేడా అదొక్కటే అయితే ఎవరైనా అదే రాస్తారు.

అసలు సంగతి మా ల్యాబులోనే బయటపడింది. ఒకసారి పైనుంచి పెద్దవాళ్లు మా ల్యాబు చూడటానికి వస్తున్నారని ఉన్నపళంగా కబురొచ్చింది. చూపించడానికి చేతిలో క్యాండిళ్లు లేవు. మేడమ్ హడావిడిగా వారం మధ్యలో ఒక వాయి వేయించింది. ఆ వాయి ఫర్నేస్‌లోంచి తీసే వేళకి పేరయ్య బల్ల మీద అలంకరించడానికి తీసుకెళదామని అక్కడికి వెళ్లాడు, ట్రే పట్టుకుని వెనక నేను. మేడమ్ ఒక్కొక్క క్యాండిల్నీ గోటితో తడుతోంది. తట్టి పక్కన పెడుతోంది, ఇంకోటి తీస్తోంది. ఒక్కటంటే ఒక్కటి ఖంగుమనలేదు.

"ఏం మార్చారు మేడమ్ ఈసారి?" అన్నాడు పేరయ్య.

"ఏమీ మార్చలేదు. అదే మట్టి. అదే పొట్టు. అదే మీటరు."

"మరి?"

"ఏం లేదండీ. టైము లేక కలిపిన రోజే పోసేశాం, అంతే."

ఆ మాట అన్నాక ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఆవిడకీ, పేరయ్యకీ ఒకేసారి అర్థమైంది. నాకు ఆ తర్వాత చెప్తే అర్థమైంది.

మా ల్యాబుకి శని, ఆదివారాలు సెలవు. ఆవిడ ఎప్పుడూ శుక్రవారం సాయంత్రం మట్టి కలిపించి, బకెట్ల మీద తడిగుడ్డ కప్పి, గదికి తాళం వేసుకుని ఇంటికి వెళ్లేది. సోమవారం వచ్చి అచ్చుల్లో పోసేది. ఈలోపు పొట్టు నీళ్లు తాగి ఎంత ఉబ్బాలో అంతా బకెట్లోనే ఉబ్బేది. కలిపిన వెంటనే పోస్తే అదే పొట్టు అచ్చులో ఉబ్బి, చుట్టూ ఉన్న మట్టిని లోలోపల చీలుస్తుంది. ఆ చీలిక కాలిన తర్వాత గానీ బయటపడదు. అంటే నానబెట్టే పని మేడమ్ చెయ్యలేదు, మా సెలవులు చేశాయి. ఇంటికెళ్లి పడుకోవడం కూడా పద్ధతిలో ఒక భాగమని ఎవరు మాత్రం కాగితం మీద రాస్తారు? పాలిటెక్నిక్‌లో ప్రాక్టికల్ క్లాసు వారానికోసారి. ఒక క్లాసులో కలిపినది మరో క్లాసులో పోసేవాళ్లు. వాళ్లకీ తెలియకుండానే నానింది. ఫ్యాక్టరీలో నానబెట్టే తీరికెక్కడిది? పొద్దున కలిపింది మధ్యాహ్నానికి అచ్చుల్లో ఉండాలి. మరి శిక్షణకి వచ్చినప్పుడు చూసుకోలేదా అంటే, అంతదూరం నుంచి వచ్చినవాళ్లని కాయించడం బాగుండదని మేడమ్ ముందే కలిపి ఉంచిన బకెట్లు తెచ్చి పోసి చూపించింది. కలపడం ఎలాగో వేరే బకెట్లో చూపించింది. అలా మర్యాదకి పోయి మామయ్య కొంప ముంచాం.

పేరయ్య ఆ రోజే డైరెక్టరు దగ్గరికి వెళ్లాడు. నేను ఫైలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. డైరెక్టరు అంతా విని సంతోషించాడు. అవును, సంతోషించాడు. "అయితే ఇది మెరుగుపరచిన పద్ధతి అన్నమాట. నానబెట్టే దశ ఒకటి చేర్చి కొత్త కాగితాలు తయారుచేయండి. ఆ ఫ్యాక్టరీకీ పంపండి, కాలేజీకీ పంపండి" అన్నాడు.

"పంపుతాను సార్. దాంతోపాటు పాత నివేదిక తప్పని ఒక్క వాక్యం రాస్తాను. పగుళ్లకి కాల్పు కారణం కాదని."

"ఎందుకది? పాతది తప్పని మనమే రాసుకుంటే, ఇంతవరకూ బయటికి ఇచ్చినవన్నీ ఇలాంటి తప్పుల తడకలేనా అంటారు. కొత్త పద్ధతి ఇస్తున్నాం కదా, వాళ్లకి ఇంకేం కావాలి?"

"వాళ్లకి కాదు సార్. ఆ మనిషికి కావాలి."

"ఏ మనిషికి?" అన్నాడు డైరెక్టరు. నిజంగానే గుర్తులేక అడిగాడు.

పేరయ్య చెప్పాడు. డైరెక్టరు నొచ్చుకున్నాడు కూడా, పాపం అన్నాడు. కానీ ఆ వాక్యానికి ఒప్పుకోలేదు. పేరయ్య ఆ రోజుకి వచ్చేసి, మర్నాడు మళ్లీ వెళ్లాడు, ఆ తర్వాతా వెళ్లాడు. చివరికి డైరెక్టరు గది బయట కూర్చునే గుమాస్తా ఆయన్ని చూడగానే తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టాడు. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, మా దగ్గర ఆ పిడికెడు పట్టుకోవడానికి కూడా ఎవరూ చెయ్యి చాపలేదు.

మేడమ్‌ని మాత్రం ఒక్క మాట అననివ్వను. ఆవిడ సెలవు పెట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్లి, మట్టి నానిందాకా ఉండి, మీటరు పెట్టించి, కొత్త కాల్పు మనిషికి నేర్పి, ఖంగుమనే వాయి ఒకటి బయటికొచ్చాకే కదిలింది. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ క్యాండిళ్లు చాలా బళ్లలో ఉన్నాయి. అంతా చేసిన మనిషి మామయ్యని చూడటానికి మాత్రం రాలేనంది. "నా మొహం ఎలా చూపించను?" అని పేరయ్య ముందు కళ్లు తుడుచుకుంది.

"మీరు రండి నాతో" అని పేరయ్య నన్నడిగాడు. "నాకు నోరు పెగలదు."

మామయ్య అప్పటికి ఒక ఆస్పత్రి దగ్గర సైకిల్ స్టాండు చూసుకుంటున్నాడని ఆ అమ్మాయి చెప్పింది. మేం వెళ్లేసరికి ఎండ చుర్రుమంటోంది. రేకుల షెడ్డు కింద స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పేరయ్యని గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. ఆ లేవడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది. మేం వచ్చిన స్కూటరుకి టోకెను కట్టి, సగం ముక్క పేరయ్య చేతికిచ్చాక, "చెప్పండి బాబూ" అన్నాడు.

నోరు పెగలదన్న మనిషి గడగడా చెప్పాడు. సెలవుల సంగతి, బకెట్ల సంగతి, మా ఫర్నేస్‌లోనే పగిలిన సంగతి. కాగితం మీద దిద్దమంటే ఒప్పుకోలేదని కూడా దాచకుండా చెప్పాడు. "తప్పు మాది. అందులో మీది ఇసుమంత కూడా లేదు. ఆ మాట నా నోటితోనే మీకు చెప్పాలని వచ్చాను."

మామయ్య జాగ్రత్తగా విన్నాడు. "అయితే క్యాండిళ్లు నా మంటకి పగల్లేదంటారు."

"లేదు."

"మొదటి వాయి నుంచీ?"

"మొదటి వాయి నుంచీ."

"అప్పుడూ మీరే చెప్పారు కదా బాబూ" అన్నాడు. కోపంగా కాదు, ఏదో గుర్తుచేసినట్టు అన్నాడు.

"అప్పుడు తెలియక చెప్పాను. ఇప్పుడు తెలిసి చెప్తున్నాను. మీరు మళ్లీ బట్టీ దగ్గరికి రావాలి. మీ మేనకోడలు ఎదురుచూస్తోంది."

ఎవరో సైకిలు తెచ్చారు. మామయ్య దాన్ని వరసలో పెట్టి, టోకెనిచ్చి, మళ్లీ వచ్చి నిలబడ్డాడు. ఇంతసేపూ అదే ఆలోచిస్తున్నట్టున్నాడు.

"మరి పెంకులో?" అన్నాడు.

పేరయ్యకి అర్థమైంది. అయినా "ఏ పెంకులు?" అన్నాడు.

"వంగిపోయాయి కదా, వాయంతా. అది మీ మట్టి కాదు కదా. మా మట్టే, మా అచ్చులే. నానబెట్టేదేం లేదు అందులో. కన్నంలోంచి చూసింది నేనే, కట్టె వేసింది నేనే."

మేం రాసింది విని మీకు భయం పట్టుకుంది, అందుకే అలా అయింది అని చెప్పాలి. నాకు తెలుసు, పేరయ్యకీ తెలుసు. ఆయన నోరు తెరిచాడు కూడా. కానీ ఆ మాటకి అర్థం, అవును, అప్పుడు మాత్రం నీ కన్నే తప్పింది అనే కదా. ఏ మాట వెనక్కి తీసుకుందామని అంతదూరం వచ్చాడో, ఆ మాటనే మళ్లీ ఆయన ముఖం మీద చెప్పాలి. జనరేటరు హోరులో కూడా వినపడేలా మాట్లాడే మనిషి, చేతిలో టోకెను ముక్క నలుపుతూ ఉండిపోయాడు.

బదులు రాదని తెలిశాక, మామయ్యే పేరయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

"అవి నావే బాబూ" అని, సైకిళ్ల వైపు వెళ్లిపోయాడు.